రోడ్డు మీద రాత్రంతా ఉండే బైకుకి ఏ తాళం? డిస్క్ లాక్, చైన్, కిల్ స్విచ్, జీపీఎస్ (చర్చ)

#1 కూకట్‌పల్లి_కిరాయి

అందరికీ నమస్కారం. బండి 160 సీసీ, బీఎస్6, ముందు డిస్క్ (సింగిల్ ఛానెల్ ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది), వెనక డ్రమ్, అల్లాయ్ చక్రాలు. అద్దె ఇల్లు, సెల్లార్ లేదు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా సందులో గోడవారగా పెట్టాలి. పక్కన ఓనర్ వాళ్ల ఇనుప గేటు, ఓ కరెంటు స్తంభం ఉన్నాయి. బడ్జెట్ నాలుగు వేలు. హ్యాండిల్ లాక్‌కి తోడు ఒక్క డిస్క్ లాక్ (బ్రేకు డిస్కు రంధ్రంలో పిన్ను దూర్చి వేసే తాళం) సరిపోతుందా? జీపీఎస్ పెట్టించడం మంచిదా? దాచిపెట్టే స్విచ్ వేయిస్తే వారంటీ పోతుందంటున్నారు, నిజమేనా?

#2 ఆటోనగర్_పానా

ఏం కొనాలో తర్వాత చూద్దాం. బండి ఎలా పోతుందో ముందు తెలియాలి. ఉన్నవి మూడు దారులే.

ఒకటి, హ్యాండిల్ లాక్ విరిచి తోసుకెళ్లడం. హ్యాండిల్ లాక్ అంటే తాళం బుర్రలోంచి బయటికొచ్చే ఒక సన్నని పిన్ను, అంతే. స్టీరింగ్ కాండంలో ఉన్న గుంతలోకి దిగుతుంది. పిన్ను గట్టిదే, దాన్ని పట్టుకున్న పోత బాడీయే పెళుసు. హ్యాండిల్ బారంతా మీటలా పనిచేస్తుంది కాబట్టి కాలితో ఒక్క ఊపు ఊపితే ఆ పోత పగులుతుంది. తర్వాత ఒకడు దీని మీద కూర్చుంటాడు, ఇంకో బండి మీదున్నవాడు వెనక ఫుట్‌రెస్ట్‌కి కాలు ఆనించి తోస్తాడు. చూసేవాళ్లకి పెట్రోలు అయిపోయిన బండిలా కనిపిస్తుంది, ఎవరూ ఆపరు.

రెండు, అక్కడే స్టార్ట్ చేసి నడుపుకుపోవడం. పాత బళ్లకి అరిగిపోయిన తాళంచెవి ఏదైనా తిరుగుతుంది. కొత్తవాటికి హెడ్‌లైట్ వెనక ఇగ్నిషన్ కప్లర్ (తాళం వైర్లు కలిసే ప్లగ్గు) మీద చెయ్యి పడుతుంది.

మూడు, ఇద్దరు ముగ్గురు ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకుపోవడం. 160 సీసీ బండి 140 నుంచి 150 కిలోలు ఉంటుంది, ముగ్గురికి లెక్కే కాదు.

ఇప్పుడు తాళాల సంగతి. డిస్క్ లాక్ మొదటి రెండు దారులకీ అడ్డు, మూడోదానికి కాదు. కిల్ స్విచ్ (ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే, దాచిపెట్టిన స్విచ్) రెండోదానికే అడ్డు, తోసుకెళ్లేవాడికి అదొక లెక్క కాదు. జీపీఎస్ ఏ దారికీ అడ్డు కాదు, బండి పోయాక వెతకడానికి పనికొచ్చేది. మూడోదాన్ని ఆపేది కదలని దేనికైనా కట్టేసిన చైన్ ఒక్కటే. మీది పది గంటల పాటు, ఒకే చోట, ప్రతి రాత్రీ పెట్టే బండి. కాబట్టి ముందు చైన్, తర్వాత డిస్క్ లాక్. డబ్బు మిగిలితే మిగతావి.

కరెంటు స్తంభం మాట మర్చిపోండి. వానాకాలంలో ఎర్తింగ్ లీకైతే చైను పట్టుకున్న చెయ్యి మీదే. లైన్‌మన్ కూడా ఒప్పుకోడు.

#3 ఓరుగల్లు_రోడ్డు

అన్నా, గింత లొల్లి అవసరమా? సందుల పది బండ్లు నిలబడి ఉంటయ్. దొంగ అల్కగా పోయే దాన్నే చూస్కుంటడు. డిస్క్‌కు ఎర్ర రంగు లాక్ కనబడ్తే పక్క బండి కాడికి పోతడు. నాలుగు కిలోల చైన్ రోజు ఎవరు మోస్తరు?

#4 ఆటోనగర్_పానా

తమ్ముడూ, చైన్ మోయమని ఎవరన్నారు? అది గేటు దగ్గరే ఉంటుంది. రాత్రి కట్టడం, పొద్దున విప్పి అక్కడే వేలాడదీసి తాళం వేయడం. బండితో తిరిగేది డిస్క్ లాక్ మాత్రమే. పక్క బండికి పోతాడన్న మాట నిజమే, పక్క బండి వాళ్లు కూడా ఎర్ర లాక్ కొననంత వరకు.

#5 రాణీగంజ్_ఇనుము

చైన్ గురించి నేను చెబుతాను, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

బజార్లో ప్లాస్టిక్ గొట్టం తొడిగి, ముప్పై నలభై అడుగుల దూరం నుంచే లావుగా కనిపించే చైన్లు అమ్ముతారు. గొట్టం జరిపి చూస్తే లోపల 5 లేదా 6 మి.మీ. కడ్డీ ఉంటుంది. 18 అంగుళాల బోల్ట్ కట్టర్ ఒక్క నొక్కులో తెంపేస్తుంది. స్టీలు తీగల కేబుల్ లాక్ అయితే ఇంకా తేలిక, లావుగా కనిపించేదంతా పైతొడుగే. అది హెల్మెట్‌కి తప్ప బండికి పనికిరాదు.

హార్డ్‌వేర్ షాపులో తూకానికి అమ్మే జీఐ (జింకు పూత) చైన్ మెత్తటి ఇనుము. 10 మి.మీ. తీసుకున్నా పెద్ద కట్టర్‌కి లొంగుతుంది. కావాల్సింది గట్టిపరిచిన ఉక్కు. షాపులోనే పరీక్షించొచ్చు: చిన్న ఆకురాయి తీసుకెళ్లి లింకు మీద గట్టిగా ఒక్కసారి గీయండి. రజను రాలి గాడి పడితే మెత్తటిది. ఆకురాయి జర్రున జారి, పైపూత మాత్రం లేస్తే గట్టిపరిచినది. షాపువాడు మొహం చిట్లించినా ఈ పరీక్ష మానొద్దు.

ఇక మందం. 10 మి.మీ. గట్టి చైన్ మీటరుకి రెండు కిలోల పైచిలుకు, 13 మి.మీ. మూడున్నర దాటుతుంది, 16 మి.మీ. అయితే ఐదున్నర కిలోలకి పైనే. చేతి కట్టర్లకి 10 దగ్గర కష్టం మొదలవుతుంది, 13 దగ్గర దాదాపు చేతులెత్తేస్తాయి. బ్యాటరీ గ్రైండర్‌కి ఏదైనా తెగుతుంది. కాకపోతే రాత్రి రెండింటికి ఆ చప్పుడు, ఆ నిప్పురవ్వలు... దొంగకి నిమిషం కూడా ఎక్కువే.

మోటారు సైకిల్ చైన్ అన్న పేరుతో దొరక్కపోతే క్రేన్లకీ హాయిస్టులకీ వాడే గ్రేడ్ 80 చైన్ అడగండి. రాణీగంజ్‌లో లిఫ్టింగ్ సామాను అమ్మే షాపుల్లో అడుగు లెక్కన కోసిస్తారు. లింకుల మీద 8 లేదా 80 అని అచ్చు ఉండాలి. ఇది పైపైన గట్టిపరిచింది కాదు కాబట్టి ఆకురాయికి కొంచెం గీత పడుతుంది, కానీ జీఐతో పోలికే లేదు. ఒక చిక్కుంది: గ్రేడ్ 80 లింకులు పొట్టివి, లోపలి సందు తక్కువ. తాళం కొమ్మి (పైనుండే వంపు కడ్డీ) దూరుతుందో లేదో షాపులోనే దూర్చి చూడండి.

తాళం చైనుకి సమానంగా ఉండాలి. 13 మి.మీ. చైనుకి 6 మి.మీ. కొమ్మి ఉన్న ఇంటి తాళం వేస్తే దొంగ చైన్ వైపు చూడడు కూడా. కొమ్మి కనీసం 10 మి.మీ. ఉండి, దాని మీద హార్డెన్డ్ అని చెక్కి ఉండాలి. తాళం మూసినప్పుడు కొమ్మి ఎంత తక్కువ బయటికి కనిపిస్తే అంత మంచిది. సందు ఎక్కువుంటే గునపం మొన పెట్టి తిప్పేస్తారు.

#6 కూకట్‌పల్లి_కిరాయి

చాలా థ్యాంక్స్ అండీ. బండికి ఎక్కడ నుంచి కట్టాలి? ముందు చక్రంలోంచి దూరిస్తే తేలిగ్గా ఉంది. లేదంటే క్రాష్ గార్డు.

#7 ఆటోనగర్_పానా

రెండూ వద్దు. ముందు చక్రం ఒక్క యాక్సిల్ నట్టు మీద ఉంటుంది. చక్రం మీ గేటుకి వదిలేసి మిగతా బండి పట్టుకుపోతారు. క్రాష్ గార్డుకి ఉండేవి రెండో మూడో బోల్టులు, వెనక గ్రాబ్ రైలుకి నాలుగు. పానా ఉన్నవాడికి అవి తాళాలు కావు.

కట్టాల్సింది వెనక స్వింగ్ ఆర్మ్‌లోంచి. అది వెనక చక్రాన్ని పట్టి ఉంచే మూసుకున్న చట్రం, తెరుచుకోదు. స్వింగ్ ఆర్మ్‌కీ వెనక టైరుకీ మధ్య సందులోంచి చైన్ తీసి, చక్రం అల్లాయ్ పుల్లల మధ్యనుంచి కూడా పోనిస్తే చక్రం, బండి రెండూ కట్టుబడతాయి. మన బళ్లకి ఎడమవైపు చీర గార్డు అడ్డొస్తుంది. దాని వెనకనుంచి దూర్చండి, దానికే చుట్టొద్దు, అది రెండు స్క్రూల మీద ఉంటుంది. డ్రమ్ బ్రేకు కడ్డీని, బండి చైనుని తప్పించి చూసుకోండి. బ్రేకు కడ్డీ మీద బరువు పడితే వంగుతుంది, పొద్దున బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది.

కొనేముందు ఈ సందు కొలవండి. 13 మి.మీ. చైన్ లింకు అడ్డంగా సుమారు 45 మి.మీ. ఉంటుంది, గుడ్డ తొడుగుతో 50 దాటుతుంది. కొన్ని 150, 160 సీసీ బళ్లలో టైరుకి, స్వింగ్ ఆర్మ్ అడ్డపట్టీకి మధ్య అంత చోటుండదు. అలాంటప్పుడు 10 మి.మీ. తీసుకోండి, బాధ లేదు.

చైన్ నేలకి ఆనకుండా బిగువుగా ఉండాలి. నేల మీద పడి ఉంటే కట్టర్ ఒక పిడిని నేలకి ఆనించి, రెండో పిడి మీద ఒళ్లు బరువంతా వేసి నొక్కొచ్చు. గాల్లో ఉంటే రెండు చేతులతోనే నొక్కాలి. అదే కారణంతో తాళం కూడా వేలాడకుండా, తాళంచెవి రంధ్రం నేలవైపు ఉండేలా చూసుకోండి. నీళ్లు కూడా నిలవవు.

#8 తిరుపతి_మెట్లు

డిస్క్ లాక్ గురించి ఎవరూ కొలతలు చెప్పలేదు. అలిపిరిలో బండి పెట్టి కొండెక్కేవాళ్లకి, స్టేషన్ పార్కింగులో రెండ్రోజులు వదిలేవాళ్లకి అదే దిక్కు, చైన్ మోయలేరు గదా.

పిన్ను మందం మీ డిస్క్ రంధ్రానికి సరిపోవాలి. డ్రిల్ బిట్ల వెనక వైపు 6, 7, 8 మి.మీ.వి ఒక్కోటీ దూర్చి చూడండి, దూరినవాటిలో అన్నిటికంటే లావుది ఏదో అదే మీ రంధ్రం. చిన్న బళ్లకి సాధారణంగా 6, 7 మి.మీ. పిన్నే పడుతుంది. 10, 14 మి.మీ. పిన్నులు పెద్ద బళ్ల డిస్కులకి. ఆన్‌లైన్‌లో లావుది చూసి కొని, దూరక వాపసు పంపేవాళ్లు ఎక్కువ. రంధ్రం నుంచి డిస్క్ అంచు దాకా దూరం కూడా కొలవండి, లాక్ నోరు అంత లోతుండాలి.

ఏబీఎస్ ఉన్న బళ్లలో డిస్క్ లోపలివైపు రంధ్రాలో పళ్లో ఉన్న పల్చటి రింగు ఇంకొకటి ఉంటుంది. చీకట్లో పొరపాటున పిన్ను దాంట్లో దూరుస్తారు. అది వంగితే సెన్సర్ లెక్క తప్పి ఏబీఎస్ లైటు ఆరదు, రింగు మార్చాలి. పిన్ను బ్రేకు డిస్కులోనే పడాలి.

ఎక్కడ పెట్టాలి: కాలిపర్ (డిస్కుని నొక్కి పట్టే బ్రేకు భాగం) ఫోర్కు వెనక ఉన్న బళ్లకి (మన బళ్లలో ఎక్కువ ఇంతే) కాలిపర్ కిందివైపు, దాన్ని దాదాపు ఆనుకునేలా. బండి ముందుకి కదిలితే చక్రం వెనక భాగం పైకి లేస్తుంది, లాక్ వెంటనే కాలిపర్‌కి తగిలి ఆగుతుంది. మీరు మరిచిపోయి కదిలించినా అంగుళంలోనే తెలుస్తుంది. దూరంగా పెడితే చక్రం సగం చుట్టు తిరిగి, వేగం అందుకున్నాక కొడుతుంది. కాలిపర్ బ్రాకెట్ వంగొచ్చు, బండితో సహా పడొచ్చు. స్ప్రింగులా ఉండే రంగు తీగ వస్తుంది కదా, దాన్ని లాక్ నుంచి యాక్సిలరేటర్ గ్రిప్పుకి తగిలించడం అలవాటు చేసుకోండి. చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు.

అలారం ఉన్నవి 110 డెసిబెల్స్ అంటారు. చప్పుడు బాగానే వస్తుంది, గుండీ బ్యాటరీలు తడిస్తే రాదు. వానాకాలానికి ముందు బ్యాటరీ మూత రబ్బరు రింగు చూసి, పల్చగా సిలికాన్ గ్రీజు రాయండి. లారీ పోయినప్పుడల్లా మోగుతుంటే మీ వీధివాళ్లే పట్టించుకోవడం మానేస్తారు.

#9 చిన్న_స్కూటీ

మాది 110 స్కూటర్, రెండు వైపులా డ్రమ్మే. మేమేం చెయ్యాలండీ?

#10 తిరుపతి_మెట్లు

అమ్మా, డ్రమ్ బండికి డిస్క్ లాక్ కుదరదు. ముందు చక్రం కంటే వెనక చక్రమే మేలు. వెనక రిమ్ము రంధ్రాల్లోంచి పట్టేంత పొడుగున్న యూ లాకో, చిన్న గట్టి చైనో తీసుకుని రిమ్మునీ షాక్ అబ్జార్బర్‌నీ కలిపి వేయండి. చక్రం తిరగదు. తోసుకుపోవాలంటే వెనకభాగం ఎత్తాలి, ఇంజనంతా అక్కడే ఉంటుంది కాబట్టి బరువు. తాళం రంధ్రాన్ని మూసే అయస్కాంతం మూత ఉంటే రోజూ మూయండి. సీటు కింద ఆర్‌సీ ఒరిజినల్ పెట్టొద్దు. సీటు అంచు పైకి లేపి చెయ్యి దూరిస్తే సీటు తాళం కేబుల్ అందే స్కూటర్లున్నాయి. కాగితాలతో సహా దొరికితే అమ్మడం వాడికి ఇంకా సులువు. డిజీలాకర్లో చూపిస్తే పోలీసులకి చాలు.

బ్రేకు లివర్‌ని నొక్కి పట్టే గ్రిప్ లాక్ గురించి అడుగుతారేమో, అది పెట్రోలు బంకు దగ్గర ఐదు నిమిషాలకి సరే. రాత్రికి కాదు.

#11 వైరింగ్_బాబాయ్

కిల్ స్విచ్ గురించి అడిగారు. రెండు రకాల బళ్లకి రెండు రకాల పని, కలపొద్దు.

పాత కార్బ్యురేటర్ బండి, ఏసీ సీడీఐ (స్పార్క్ ఇప్పించే డబ్బా). తాళం ఆఫ్ చేస్తే జరిగేది ఒక వైరు ఎర్త్ అవ్వడం, దాంతో స్పార్క్ ఆగుతుంది. కప్లర్ లాగేస్తే ఆ ఎర్త్ పోతుంది, అందుకే కిక్ కొడితే స్టార్టవుతుంది. హోండా పద్ధతి వైరింగులో అది నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు. దానికి సీడీఐ దగ్గరే ఒక కొమ్మ కలిపి, దాచిన స్విచ్ ద్వారా చాసిస్‌కి ఎర్త్ ఇవ్వండి. స్విచ్ వేస్తే స్పార్క్ చచ్చిపోతుంది, హెడ్‌లైట్ దగ్గర ఏం లాగినా రాదు. దీంట్లో మంచి గుణం ఏంటంటే, దారిలో వైరు తెగినా స్విచ్ పాడైనా ఇంజన్ ఆగదు.

ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి వేరు. ఇక్కడ ఫ్యూయల్ పంపుకో ఈసీయూకో (ఇంజన్ కంప్యూటర్) వచ్చే 12 వోల్టుల దారి కోయాలి. అంటే స్విచ్ కరెంటు దారిలోనే కూర్చుంటుంది. జాయింటు వదులైతే ఫ్లైఓవర్ మీద నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోతుంది. చేస్తే శుభ్రంగా చేయించాలి: 12 వోల్టుల 30 ఆంపియర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్), పంపు లైను దాని 30, 87 కాళ్ల మీద, దాచిన స్విచ్ 85, 86 కాయిల్ దారిలో. కాయిల్‌కి కరెంటు తాళం ఆన్ అయ్యాక వచ్చే వైరు నుంచి తీసుకోవాలి, లేకపోతే రాత్రంతా బ్యాటరీ తాగుతుంది. పంపు దారికి 1 చదరపు మి.మీ. రాగి వైరు, స్విచ్ దారికి అందులో సగం చాలు. జాయింట్లు టంకం వేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. మెలిపెట్టి నల్ల టేపు చుట్టినవి ఎండకి జిగురు కారి, రెండో వానకి పచ్చగా చిలుము పడతాయి. స్టీరింగ్ తిరిగేచోట వైరు నలగకుండా, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి కట్టాలి.

వారంటీ మాట నిజమే. కోసిన వైరు కనిపిస్తే ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వరు, ఈసీయూ పోయినా మీ నెత్తినే వేస్తారు. మీది బీఎస్6, అంటే ఎఫ్‌ఐ బండి, వారంటీలో ఉంటే నా సలహా స్విచ్ వద్దు. ఊరెళ్లేటప్పుడు పక్క ప్యానల్ తీసి పంపు ఫ్యూజో ఇగ్నిషన్ ఫ్యూజో పీకి జేబులో వేసుకోండి. మూత లోపల ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. తీశాక స్టార్టర్ నొక్కి చూడాలి, ఇంజన్ తిరిగినా అంటుకోకూడదు. మెయిన్ ఫ్యూజు తీస్తే మీటర్లో గడియారం సున్నాకి పోతుంది, అంతే. రోజూ మాత్రం ఇలా చేయొద్దు. ఫ్యూజు పట్టుకునే రేకులు వదులై, వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

#12 ఓరుగల్లు_రోడ్డు

బాబాయ్, మరి జీపీఎస్? మా దగ్గర అందరు అదే బిగిస్తున్నరు. రెండు వేలకే వస్తది అంటున్నరు.

#13 వైరింగ్_బాబాయ్

పెట్టుకోవచ్చు. కొనేముందు ఒక్క లెక్క వేసుకో: నిద్రలో, అంటే బండి ఆపి ఉన్నప్పుడు, ఎంత కరెంటు తాగుతుంది?

నిద్రపోని చవక రకం 30 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది అనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్. స్కూటర్ బ్యాటరీ 3 ఆంపియర్ అవర్ అయితే రెండ్రోజుల్లో సగం ఖాళీ, మూడో రోజు సెల్ఫ్ తిరగదు. నిద్రలో 5 మిల్లీ ఆంపియర్లకి దిగేది అయితే రోజుకి 0.12, అదే బ్యాటరీ సగానికి రావడానికి పన్నెండు రోజులు. 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉన్న పెద్ద బండికి ఇంకా నయం. డబ్బా మీద ఈ అంకె లేని సరుకు తీసుకోకు. బ్యాటరీ ప్లస్ దగ్గరే 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించు. లోపల సొంత బ్యాటరీ కూడా ఉండాలి, లేకపోతే దొంగ సీటు తీసి బ్యాటరీ వైరు పీకగానే కథ కంచికి.

2జీ మాత్రమే పట్టే పాత సరుకు చవగ్గా వదిలించుకుంటున్నారు, 4జీ అడుగు. సిమ్ము రీఛార్జి అయిపోయిన సంగతి బండి పోయిన రోజే తెలిసేవాళ్లు చాలామంది, ఫోన్లో గుర్తు పెట్టుకో. ట్రాకర్ని ట్యాంకు కింద పెట్టొద్దు, పైన రేకుంటే ఉపగ్రహం సిగ్నల్ అందదు. సీటు కింద ప్లాస్టిక్ మాత్రమే పైనుండే చోట, యాంటెన్నా ముఖం ఆకాశంవైపు. సెల్లార్లో దాచిన బండి చుక్క మాత్రం మ్యాపులో రాదు. లోపలికి పోకముందు చివరిగా ఎక్కడుందో అదే చూపిస్తుంది.

బ్లూటూత్ ట్యాగులు వేరు. చుట్టుపక్కల ఫోన్లు పోతుంటేనే జాడ తెలుస్తుంది, పైగా దొంగ ఫోనుకి కూడా "మీ వెంట ఒక ట్యాగు తిరుగుతోంది" అని కబురు పోవచ్చు. రెండో తోడుగా సరే, ఒక్కదాన్నే నమ్ముకోకు.

జాడ దొరికితే నువ్వొక్కడివే పోకు. లొకేషన్ తీసుకుని స్టేషన్‌కి పో.

#14 బర్మింగ్‌హామ్_బావ

ఇక్కడ బ్రిటన్లో తాళాలకి సోల్డ్ సెక్యూర్ అని రేటింగ్ ఇస్తారు: బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్. మన ఆన్‌లైన్ షాపుల్లో కూడా ఆ ముద్ర ఉన్నవి దొరుకుతున్నాయి. చూడాల్సిన మెలిక ఒకటుంది. సైకిల్ గోల్డ్ వేరు, మోటారు సైకిల్ గోల్డ్ వేరు, పరీక్షలు ఒకటి కాదు. సైకిల్ ముద్ర చూసి బైకుకి కొనకండి.

సొంతిల్లు ఉన్నవాళ్లకి ఇంకో మాట. నేలలో ఒక కొక్కెం పాతిస్తే గేటు, స్తంభం వెతుక్కునే బాధ ఉండదు. ఇక్కడ కాంక్రీటు నేలలో రసాయన యాంకర్ వేస్తారు: ఎం12 (12 మి.మీ.) కడ్డీకి 14 మి.మీ. రంధ్రం, 110 మి.మీ. లోతు. దుమ్ము బ్రష్‌తో తీసి, ఊది, మళ్లీ బ్రష్ చేసి అప్పుడు జిగురు నింపాలి. దుమ్ము మిగిలితే జిగురు దుమ్ముని పట్టుకుంటుంది, కాంక్రీటుని కాదు, చేత్తో లాగితే ఊడుతుంది.

#15 రాణీగంజ్_ఇనుము

బావగారూ, మన ఇళ్ల ముందు నేల అంత మందం ఉండదు. మట్టి మీద మూడు నాలుగు అంగుళాల బెడ్డు, పైన టైలు. 110 మి.మీ. తవ్వితే కింద మట్టే తగులుతుంది. టైలు మీద బిగించిన యాంకర్ టైలుతో సహా లేస్తుంది.

దానికి మన పద్ధతి వేరే ఉంది. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి. 16 మి.మీ. కడ్డీని యూ ఆకారంలో వంచి, కాళ్ల చివరలు చెరోవైపు అడ్డంగా మడిచి, 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటులో నిలబెట్టాలి. సిమెంటు బస్తాలో మూడో వంతు పడుతుంది. ఎండాక అది దాదాపు వంద కిలోల దిమ్మె, చుట్టూ మట్టి పట్టుతో కలిపి ఎవరూ పీకలేరు. యూ పైభాగం నేల మట్టానికి కిందే ఉండేలా చుట్టూ చిన్న గుంత వదలండి. చైన్ దూరుతుంది, కట్టర్ మూతి దూరదు, కాలికీ తగలదు. వారం రోజులు తడిపాకే చైన్ కట్టండి. సెల్లార్లో అయితే అసోసియేషన్‌ని అడక్కుండా తవ్వొద్దు. అక్కడ పిల్లరుకి చుట్టడమే నయం. 9 అంగుళాలు, 18 అంగుళాల పిల్లరు చుట్టుకొలత మీటరు 37 సెంటీమీటర్లు, బండి కోసం ఇంకో 70, 80 సెంటీమీటర్లు కలపండి. రెండు మీటర్ల 20 సెంటీమీటర్ల చైన్ లేకుండా బయల్దేరొద్దు.

#16 పాలసీ_పట్టు

తాళాల మధ్య ఒక్క కాగితం మాట. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బళ్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి ఇన్సూరెన్స్) తప్పనిసరి. షోరూములో ఇచ్చేది చాలావరకు ఐదేళ్ల థర్డ్ పార్టీ, ఒక్క ఏడాది ఓన్ డ్యామేజి (మన బండి నష్టానికి). పాలసీ మీద ఐదేళ్ల తేదీ చూసి ధీమాగా ఉంటారు. దొంగతనానికి డబ్బిచ్చేది ఓన్ డ్యామేజి భాగమే, అది మొదటి ఏడాదికే అయిపోతుంది. 2019 సెప్టెంబరు నుంచి దాన్ని విడిగా కొనుక్కోవచ్చు. ఇప్పుడే మీ పాలసీ తెరిచి రెండు తేదీలు చూడండి.

వచ్చేది ఐడీవీ (పాలసీలో రాసిన, తరుగు పోను బండి విలువ) మాత్రమే. పాత టారిఫ్ పట్టికలో తరుగు ఆరు నెలల దాకా 5 శాతం, ఏడాది దాకా 15, రెండేళ్లకి 20, మూడేళ్లకి 30, నాలుగేళ్లకి 40, ఐదేళ్లకి 50. జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయని పాలసీ) దొంగతనానికి పనికిరాదు, అది విడిభాగాలకి. బిల్లు మొత్తం కావాలంటే రిటర్న్ టు ఇన్వాయిస్ తీసుకోవాలి.

రెండు తాళంచెవులూ అడుగుతారు. ఒకటి ఎప్పుడో పోయి ఉంటే ఇవాళే లాక్ సెట్టు మార్చి బిల్లు దాచండి. కొత్త బండి తాళాలతో వచ్చే తాళంచెవి నంబరు రేకుని తాళాల గుత్తికి తగిలించుకుని తిరగొద్దు, ఇంట్లో పెట్టండి. తాళం బండికే వదిలేసి పోతే నిర్లక్ష్యం అని క్లెయిమ్‌లో కోత పెడతారు, లేదా కొట్టేస్తారు. ఏఆర్ఏఐ (బళ్లని, వాటి పరికరాలని పరీక్షించే సంస్థ) ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరానికి ఓన్ డ్యామేజి ప్రీమియంలో 2.5 శాతం తగ్గింపు అన్నది ఉంది. వెయ్యి రూపాయల ప్రీమియానికి ఇరవై ఐదు రూపాయలు. దాని కోసం ఏదీ కొనకండి.

#17 చిన్న_స్కూటీ

ఇంత చేసినా పోతే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇన్సూరెన్స్ వాళ్లకా, పోలీసులకా?

#18 పాలసీ_పట్టు

112కి. వెంటనే ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, మా పరిధి కాదు అనడానికి లేదు. భారతీయ న్యాయ సంహిత 303(2) (దొంగతనం) కింద రాస్తారు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, బండి మీదున్న గీతలు, స్టిక్కర్లు కూడా రాయించండి. అదే రోజు ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టండి. పోలీసులకి వెంటనే చెప్పి కంపెనీకి కొంచెం ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కానీ కోర్టు దాకా పోయే పని పెట్టుకోకండి. తర్వాత ఆర్టీఏకి ఒక ఉత్తరం. బండి దొరకలేదని పోలీసులు ఇచ్చే రిపోర్టు వచ్చాకే డబ్బు కదులుతుంది. అప్పు మీద ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35 (ఆర్‌సీ మీద అప్పు పేరు తీసేసే కాగితం) కావాలి.

ఇంకోటి, చాలామందికి తట్టదు. రోజూ మీ బండి నంబరు ఈ-చలాన్ సైటులో కొట్టి చూస్తుండండి. నంబరు ప్లేటు మార్చేలోపు దొంగ హెల్మెట్ లేకుండా ఏ కూడలిలోనో కెమెరాకి చిక్కితే చోటు, సమయం, ఫోటోతో సహా మీ పేరు మీదే చలాన్ వస్తుంది. దాన్ని ప్రింటు తీసి స్టేషన్లో ఇవ్వండి.

#19 కూకట్‌పల్లి_కిరాయి

ఓనర్ గారు గేటుకి చైన్ కట్టుకోమన్నారు. 10 మి.మీ. చైన్ మీటరున్నర, తాళం, 6 మి.మీ. పిన్ను డిస్క్ లాక్ రాసుకున్నాను. జీపీఎస్ ఇప్పుడు వద్దు. స్వింగ్ ఆర్మ్ దగ్గర సందు 48 మి.మీ. ఉంది. గేటు కడ్డీలు అర అంగుళం చదరపువి, దేనికి చుట్టాలి?

#20 రాణీగంజ్_ఇనుము

కడ్డీకి వద్దు. అర అంగుళం చదరపు కడ్డీ బోలుదైతే చేత్తోనే వంగుతుంది, హాక్సాతో కోస్తే రెండు నిమిషాలు. గేటు అంచు ఫ్రేముకి చుట్టండి, వీలైతే గేటు వేలాడే పక్క నిలువు పోస్టుకి. పోస్టు గోడలోకి పాతి ఉందో, పైపైన రెండు బోల్టులతో ఉందో చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన ఇనుప గేట్లు ఎక్కువ భాగం పిన్ను కీళ్ల మీద వేలాడతాయి. కింద గునపం పెట్టి ఎత్తితే గేటు మొత్తం ఊడి వస్తుంది. అప్పుడు గేటు, బండి రెండూ ట్రాలీలోకే. పై కీలు పిన్ను కొసన ఒక వాషరో చిన్న రేకు ముక్కో పెట్టి వెల్డింగ్ చుక్క వేయించండి, గేటు ఇక పైకి లేవదు. సందు చివర వెల్డింగ్ షాపువాడు ఐదు నిమిషాల్లో చేస్తాడు, ఓనర్ గారికి కూడా లాభమే.

#21 ఆటోనగర్_పానా

మీటరున్నర చాలదు. గేటు నుంచి వెనక చక్రం దాకా దూరాన్ని పురికొసతో, బండిని పెట్టే చోట పెట్టి కొలవండి. చుట్టి తెచ్చి తాళం వేసేసరికి ఎంత పొడుగు వస్తే దానికి ఒక జానెడు కలిపి కొనండి. హ్యాండిల్ లాక్ ఏ పక్కకి పడుతుందో ఆ పక్క గోడ ఆనేలా పెడితే, విరవడానికి ఊపే చోటు కూడా ఉండదు. తాళాలకి కొబ్బరి నూనె, గ్రీజు పోయొద్దు, దుమ్ము పట్టి మూడు నెలల్లో బిగుస్తాయి. గ్రాఫైట్ పొడి వేయండి.